స్పష్టమూ, స్పెక్ట్రమూ

‘స్పెక్ట్రం’ అన్న మాట తెలుగు విభక్తులకు ఎంత తేలికగా లొంగిపోయిందో ఎప్పుడైనా గమనించారా? బస్సు, రైలు వంటి మాటలకు చివర ఒక ఉకారాన్ని అతికించిన తరువాతనే మనం ఇంట్లోకి రానిచ్చాము. దీనికి ఆ అవసరమే రాలేదు. పుస్తకం, పుస్తకాన్ని, పుస్తకానికి అన్నంత సహజంగా స్పెక్ట్రం, స్పెక్ట్రాన్ని, స్పెక్ట్రానికి అని పత్రికలవాళ్ళు వ్రాసేశారు. లాటిను నపుంసకలింగ పదాల చివర వచ్చే ‘ఉమ్’, సంస్కృత నపుంసకలింగ పదాల చివర వచ్చే ‘అమ్’ ఒక తల్లి బిడ్డలు. ఆ ‘అమ్’ను తెలుగు ఏనాడో ‘ము’గాను, సున్నాగాను తనదిగా చేసుకుంది. దూరపు చుట్టం గుమ్మంలోకి వస్తే ముక్కుతీరు చూసి పోల్చుకున్నట్లు మన వ్యాకరణం ఈ మాటను పోల్చుకున్నదనుకోవాలి.

చుట్టరికం చివరి అక్షరంతో ఆగలేదు. లాటినులో ‘స్పెకెరె’ అంటే చూచుట. సంస్కృతంలో అదే అర్థంలో ‘స్పశ్’ అనే ధాతువు ఉంది. ‘పశ్యతి’ అన్న క్రియాపదమూ ఆ వంశానిదే, పైన ఉన్న సకారం రాలిపోయింది. ‘స్పశుడు’ అంటే గూఢచారి. ఇంగ్లీషు ‘స్పై’ కూడా ఈ ధాతువు సంతానమే. వ్యాకరణ మహాభాష్యంలోని పస్పశాహ్నికాన్నీ, ఈ గూఢచారినీ కలిపి మాఘుడు శిశుపాలవధలో ఒక శ్లేష చేశాడు. అది రుచి చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు, చూడనివారు రెండవ సర్గ తిరగవేయండి. మనం రోజూ వాడుకునే ‘స్పష్టం’ కూడా ఈ ధాతువునుంచి పుట్టినదే. చక్కగా చూడబడినది స్పష్టం. అనగా స్పష్టమూ స్పెక్ట్రమూ జ్ఞాతులు.

తమాషా ఏమిటంటే, ఒకే చూపునుంచి ఇక్కడ ‘తేటతెల్లం’ పుట్టగా, అక్కడ ‘ఆభాస’ పుట్టింది. లాటినులో స్పెక్ట్రం అంటే కంటికి కనబడే ఆకారం, ఛాయ, చివరకు దయ్యం కూడా. ఇంగ్లీషులో దయ్యాన్ని ‘స్పెక్టర్’ అనడం అందుకే. న్యూటను ఈ మాటను కాంతికి అన్వయించి 1672లో రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. కిటికీ తలుపులో చిన్న రంధ్రం, దానిముందు గాజు పట్టకం, 22 అడుగుల దూరంలో గోడ. గోడమీద రంగులు పడడం ఆయనకు వింత కాదు, పట్టకాలతో రంగులు చూడడం అప్పటికే పిల్లల ఆట. ఆయనను ఆపినది ఆ మచ్చ ఆకారం. గుండ్రంగా పడవలసినది నిలువునా సాగి, 13¼ అంగుళాల పొడవు, 2⅝ అంగుళాల వెడల్పు ఉన్న చారగా పడింది. ఎందుకు సాగింది అన్న ప్రశ్ననుంచి, తెల్లకాంతిలో వేరువేరు కోణాలతో వంగే వేరువేరు కిరణాలున్నాయన్న సిద్ధాంతం వచ్చింది. అందరూ రంగులు చూస్తుంటే కొలబద్ద తీసి పొడవు కొలిచినవాడు ఆయన.

ఇక ఏడు రంగుల సంగతి. న్యూటను మొదట ఐదింటినే లెక్కపెట్టాడు. తరువాత నారింజను, నీలిమందు రంగును చేర్చి ఏడు చేశాడు. కారణం కళ్ళు కాదు, చెవులు: సంగీతంలో స్వరాలు ఏడు కాబట్టి, స్థాయిలో స్వరాల మధ్య దూరాలకూ రంగుల వెడల్పులకూ పొంతన కుదర్చాలని ఆయన కోరిక. నీలిమందుకు వాళ్ళు పెట్టుకున్న ‘ఇండిగో’ అన్న పేరులో మన దేశం పేరే ఉండడం మనకు కొంత ఊరట. హరివిల్లులో ఏడు గీతలేమీ లేవు. ఎక్కడ ఒక రంగు ముగిసి మరొకటి మొదలవుతుందో చెప్పగల సరిహద్దురాయి లేదు. సూర్యుని రథానికి ఏడు గుర్రాలున్నాయి కాబట్టి మన పూర్వులకు వర్ణపటం తెలుసునని ఏడాదికొకసారి ఎవరో ఒకరు నాకు పంపిస్తూనే ఉంటారు. ఏడు అన్నది ప్రకృతిలో లేదు, న్యూటను సంగీతాభిమానంలో ఉంది. ఆ సంగతి తెలిస్తే గుర్రాలను వాటి మానాన వాటిని వదిలివేయవచ్చు.

మన పాఠ్యపుస్తకాలు స్పెక్ట్రాన్ని ‘వర్ణపటం’ అన్నాయి. నాకు ఈ మాటంటే ఇష్టం. మా బడిలో ఈ మాటతోనే చదువుకున్నాను. కాని ఎంత బరువు మోస్తున్నదో చూడండి. వర్ణమంటే రంగు, అక్షరమూ వర్ణమే, కచేరీ మొదట పాడేది వర్ణం, మనుషులను నాలుగు గడులలో పెట్టిన ఏర్పాటూ వర్ణమే. పటమంటే బట్ట, బొమ్మ, దేశపటం, గాలిపటం. తెలంగాణలో చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవాటి బట్టమీద వ్రాసే బొమ్మలు కూడా పటాలే. కథకులు వాటిని ఊరి నడుమ కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కొక్క కులానికి దాని పుట్టుక కథ చెబుతారు. అంటే ‘వర్ణపటం’ అన్న మాటకు మన దేశంలో భౌతికశాస్త్రానికి సంబంధంలేని అర్థం ఒకటి కళ్ళ ఎదుట వేలాడుతూనే ఉంది. మాట పుట్టించినవారికి ఈ ఆలోచన వచ్చి ఉండదులెండి.

ఈ వర్ణపటానికి మా ఊరు గుంటూరుతో ఒక బంధుత్వం ఉంది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1814లో జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ అనే గాజు పనివాడు సూర్యకాంతి వర్ణపటంలో ఐదువందలకు పైగా నల్లటి సన్నగీతలున్నాయని చూశాడు. ఏమిటో ఆయనకు తెలియదు, కాని ఓపికగా గుర్తులు పెట్టాడు. నక్షత్రాలు ఏ పదార్థంతో తయారయ్యాయో మానవుడు ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో ఆగస్ట్ కోంత్ అనే ఫ్రెంచి తాత్త్వికుడు తీర్పు చెప్పాడు. పాతికేళ్ళు తిరగకుండానే హైడెల్‌బర్గులో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు మిత్రులు ఆ తీర్పును కొట్టివేశారు. ప్రతి మూలకానికీ వేడిమిలో తనవైన గీతలుంటాయి, ఒకదానివి మరొకదానికి ఉండవు. సోడియానికి పసుపుచోట 589 నానోమీటర్ల దగ్గర పక్కపక్కనే రెండు గీతలు. పొయ్యిమీద చారు పొంగినప్పుడు నీలిమంట ఒక్కసారి పసుపుగా మారుతుందే, అది చారులోని ఉప్పు తన సంతకం చేయడం. సూర్యుని కాంతిలో అదేచోట నల్లగీత ఉన్నదంటే, సూర్యునిలో సోడియం ఉన్నట్లే.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఛాయ మన కోస్తామీదుగా పోతుందని తెలిసి పలుదేశాలవాళ్ళు పరికరాలు మోసుకొని వచ్చారు. మద్రాసు వేధశాలనుంచి పాగ్సన్ మచిలీపట్నంలోను, అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను మకాం పెట్టారు. ఫ్రాన్సునుంచి వచ్చిన పియేర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. చంద్రుని అంచున ఎగసిన సౌరజ్వాలలలో ఆయనకు ప్రకాశమానమైన గీతలు కనిపించాయి. అవి ఎంత కాంతిమంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడవచ్చునన్న ఊహ అక్కడే తట్టింది. మరునాడు పొద్దున, నిండు సూర్యునిముందు, గుంటూరులోనే చూసేశాడు. ఇంగ్లండులో లాకయర్ అక్టోబరులో స్వతంత్రంగా ఇదే పని చేశాడు. ఇద్దరి వార్తలూ పారిస్ అకాడమీకి ఒకే రోజున చేరాయి. మన ఉత్తరం ముందే బయలుదేరినా, మన దేశంనుంచి పారిస్‌కు తపాలా కదా.

ఆ జ్వాలలలో పసుపు గీత ఒకటి కనిపించింది. సోడియమేనని చాలామంది అనుకున్నారు. కాని దాని స్థానం కొద్దిగా పక్కన ఉంది, ఇప్పటి లెక్కలో 587.6 నానోమీటర్లు. భూమిమీద ఎరిగిన ఏ పదార్థానికీ ఆ గీత లేదు. సూర్యుని గ్రీకు పేరుమీద దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే ఒక ఖనిజంనుంచి దానిని భూమిమీద పట్టుకొనేవరకు ఇరవై ఏడేళ్ళపాటు ఆ మూలకం ఉనికి అంతా ఒక గీత మాత్రమే. ‘హీలియం పుట్టిల్లు గుంటూరు’ అని మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. జాన్సెన్ కొత్త మూలకాన్ని గుర్తించలేదు, గ్రహణంతో పనిలేకుండా సౌరజ్వాలలను చూసే పద్ధతిని కనిపెట్టాడు. నా దృష్టిలో ఇదే పెద్ద సంగతి, కాని మిరపకాయలతోబాటు చెప్పుకోవడానికి హీలియమే బాగుంటుంది. తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొచ్చెర్లకోట రంగధామరావుగారు వర్ణపటశాస్త్రానికి ఒక ప్రయోగశాలనూ, ఒక శిష్యపరంపరనూ నిలబెట్టారు. మాట తెలుగైనందుకు ఆ శాస్త్రం కూడా ఇక్కడ కొంత వేళ్ళూనిందని సంతోషించవచ్చు.

రాజకీయాలలోనూ, మందులలోనూ ఈ మాటకున్న వాడుక మీకు తెలిసినదే. వార్తాపత్రికల స్పెక్ట్రం గురించి మాత్రం ఒక ముక్క చెప్పాలి. 2008 జనవరిలో సెల్‌ఫోను కంపెనీలకు లైసెన్సులు ఇచ్చారు. 2010 నవంబరులో కాగ్ నివేదిక ఊహాత్మక నష్టం 1.76 లక్షల కోట్ల రూపాయల వరకు ఉండవచ్చునన్నది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. 2017 డిసెంబరు 21న ప్రత్యేక న్యాయస్థానం నిందితులందరినీ విడుదల చేసింది. ఇన్నేళ్ళలో ఒక్క పత్రికైనా ‘వర్ణపటం కుంభకోణం’ అని వ్రాయగా నేను చూడలేదు. వ్రాస్తే నవ్వేవాళ్ళం. రేడియో తరంగాలకు రంగు లేదు. వర్ణపటమన్న మాట కంటికి కనిపించే ఆ కాస్త మేరకే, దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే పనికివస్తుంది. ఆ అటూ ఇటూ విస్తరించినప్పుడల్లా మనం స్పెక్ట్రమనే అంటాము. మంచి అనువాదం ఇరుకైన గదిలో కూర్చుండిపోయింది, మాట మాత్రం ఊరంతా తిరుగుతోంది.

ఇది ఇన్నాళ్ళూ నాకు కాలక్షేపపు ఆలోచన. గత సంవత్సరం మా చెల్లెలి కొడుకును చూసిన వైద్యులు ఇచ్చిన కాగితంమీద ‘ఆటిజం స్పెక్ట్రం డిజార్డర్’ అని వచ్చింది. వాడికి అప్పటికి నాలుగేళ్ళు దాటాయి.

“జబ్బు పేరు ఆటిజమన్నారు, సరే. ఆ రెండో మాట ఏమిట్రా?” అని అడిగింది అమ్మ. వర్ణపటం అని చెబితే అర్థం ఏముంది? ఏమి రంగు, ఏమి పటం? నేను తడుముకుంటుంటే తనే అన్నది, “వాడి నొసటి గీత అలా ఉంది” అని.

ఆ కాగితంమీదకు ఈ మాట ఎలా వచ్చిందో తరువాత చదివాను. 1943లో లియో కానర్ పదకొండుమంది పిల్లలను వర్ణించినప్పుడు ఆటిజం ఇరుకైన పేరు. ఆయన చెప్పిన లక్షణాలన్నీ ఉన్నవాళ్ళకే అది వర్తించేది. లండనులో లోర్నా వింగ్ అనే మనోవైద్యురాలు, ఆమె కుమార్తెకే ఆటిజం ఉంది, 1979లో జూడిత్ గౌల్డ్‌తో కలిసి ప్రచురించిన పరిశీలనలో ఆ పెట్టె బయట ఉండిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారని చూపించింది. మొదట ఆమె వాడినది ‘కంటిన్యుయం’, అంటే ఎడతెగని వరుస. తరువాత స్పెక్ట్రం వైపు మొగ్గింది. 2013లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం ఐదవ కూర్పు, ఆస్పర్జర్ మొదలైన పాత పేర్లను తీసివేసి అన్నింటినీ ఈ ఒక్క మాట కిందకు చేర్చింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదీ ఒకటి.

మాట మారడం మంచికే. కాని వినేవాళ్ళు ఇంకా వరుసనే వింటున్నారు. బంధువులందరిదీ ఒకటే ప్రశ్న: “ఎంత ఉందిట?” జ్వరం ఎంత, షుగరు ఎంత అన్నట్లు. కొంచెమేనంటే “అయితే పోతుందిలే” అంటారు, ఎక్కువంటే గొంతు తగ్గిస్తారు. ఒక బడివాళ్ళు కూడా అలాగే, స్పెక్ట్రంలో ఈ చివరా ఆ చివరా అని అడిగారు. చెల్లెలు ఏ ప్రశ్నకైనా నిలబడగల మనిషి. ఈ ‘ఎంత’కు మాత్రం ప్రతిసారీ ఆమె ముఖం చిన్నబోవడం చూశాను.

ఎంత అని చెప్పాలి? మిక్సీ వేస్తే రెండు చెవులూ మూసుకొని పక్కగదిలోకి పరుగెడతాడు. రైలు కూత ఎంత దగ్గరగా వినిపించినా కిటికీ వదలడు. దాహం వేస్తే నోటితో అడగడు, మన చెయ్యి పట్టుకొని నీళ్ళ బిందె దగ్గరకు తీసుకుపోతాడు. అదే నోటితో టీవీలో వచ్చే బట్టల దుకాణం ప్రకటనను ఒక్క పొల్లు పోకుండా అప్పజెబుతాడు. పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడడు. అమ్మమ్మ గాజుల చప్పుడుకు తిరుగుతాడు. వీటిని సగటు తీసి ఒక గీటుమీద చుక్క పెట్టమంటే ఎక్కడ పెడతాము?

దసరా సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మకు చూపించాను. బీరువా అడుగున ఘంటసాలగారి భగవద్గీత సీడీ ఉంది, వినడానికి పరికరం పోయి ఏళ్ళయింది. దానిని తిరగవేసి, వంచి పట్టుకొని దీపం నీడ చూడమన్నాను. సీడీమీది సన్నని చాళ్ళు పట్టకం చేసే పనే ఇంకొకరకంగా చేస్తాయి. పూజగదిలోని పాత ఫిలమెంటు బల్బు కాంతి తెగకుండా సాగే రంగుల చారగా కనిపించింది. వంటింట్లోని సీఎఫ్ఎల్ దీపాన్ని చూస్తే చార తెగిపోయి, ఆకుపచ్చది ఒకచోట, ఎర్రది ఒకచోట, నీలం ఒకచోట, మధ్యలో చీకట్లు. కంటికి రెండూ వెలుగే. తరువాత గ్యాసుపొయ్యిలో చిటికెడు ఉప్పు వేసి పసుపు మంట చూపించాను. “ఉప్పు దండగ” అన్నది, చూస్తూనే ఉంది.

“స్పెక్ట్రమంటే ఎక్కువా తక్కువా చెప్పే కొలబద్ద కాదమ్మా. ఏ గీతలు వెలుగుతున్నాయి, ఏవి లేవు అని విప్పి చూడటం. ఉప్పువి ఉప్పుకే, వేరేదానివి వేరేదానికే” అన్నాను.

అమ్మ చాలాసేపు సీడీని అటూ ఇటూ తిప్పింది. “గీత సీడీలో గీతలు చూపించావు, బాగానే ఉంది. కాని ఈ దీపం గీతలు రేపు చూసినా ఇవే ఉంటాయి కదా? వాడివి మారుతున్నాయి. పోయిన నెల గాజులకు కూడా తిరిగేవాడు కాదు.”

ఉపమానం అక్కడ కుంటుపడింది. మూలకం గీతలు గుంటూరులోనైనా సూర్యునిలోనైనా ఒకటే, 1868లోనూ ఇప్పుడూ ఒకటే. పిల్లవాడు మూలకం కాదు. అమ్మ మాటకు భౌతికశాస్త్రంలో నాకు జవాబు దొరకలేదు, వెదకలేదు కూడా.

కాగితాల పని వేరే ఉంది. ధ్రువపత్రం కావాలంటే అంకె కావాలి. దానికోసం మన దేశంలో వాడే కొలమానం సికిందరాబాదులోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలోనే తయారైంది. ఆ సంస్థకు ఇప్పుడు వేరే పేరుంది. 40 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి ఒకటినుంచి ఐదు మార్కులు, అన్నీ కూడితే ఒక మొత్తం, దానినిబట్టి వైకల్య శాతం. 40 శాతానికి తగ్గితే చట్టం ఇచ్చే ముఖ్యమైన సదుపాయాలు కొన్ని అందవు. న్యూటను విడదీసిన రంగులను రెండవ పట్టకంతో మళ్ళీ కలిపి తెల్లకాంతి చేసి చూపించాడు. ఈ లెక్కా అటువంటిదే. ఖజానా గీతలను చదవలేదు, మొత్తాన్నే చదువుతుంది. అవసరం కాబట్టి చేయించాలి, చేయిస్తున్నాము. ఆ 40 ప్రశ్నలకు విడివిడిగా పడిన మార్కుల కాగితాన్ని మాత్రం ఒక నకలు తీసి ఉంచుకోమని చెల్లెలికి చెప్పాను. మొత్తంకంటే ఆ కాగితమే స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయికి పనికివస్తోంది.

తెలుగులో దీనికి ఏమనాలి? ‘ఆటిజం వర్ణపటం’ అని ఒకరిద్దరు వ్రాయగా చూశాను. రంగులు గుర్తుకొస్తాయే తప్ప గీతలు గుర్తుకురావు. ‘శ్రేణి’ అంటే మళ్ళీ వరుసే, మెట్లే. ‘విస్తృతి’లో వెడల్పు ఉంది, తేడా లేదు. ఇంకా మంచి మాట ఎవరికైనా తడితే చెప్పండి, మా ఇంట్లో దానికి వెంటనే వాడుక దొరుకుతుంది.

ఎవరైనా “ఎంత ఉందిట?” అని అడిగితే చెల్లెలు ఈమధ్య అంకె చెప్పడం మానేసింది. “మిక్సీ పడదండీ. రైలంటే ప్రాణం. పిలిస్తే ఇంకా పలకడు. పోయిన ఆదివారంనుంచి ‘నీళ్ళు’ అంటున్నాడు, పొద్దుటిపూట మాత్రం” అంటుంది. అడిగినవాళ్ళకు అది జవాబులా అనిపించదు. కాసేపు నిలబడి, “పొద్దుటిపూటే ఎందుకు?” అని అడిగినవారు ఇప్పటికి ఇద్దరున్నారు.